గడప దాటే పంతం

మా పొందూరు ఇంటి వీధి గడప జానెడు ఎత్తుంటుంది. పండక్కి పసుపు పూసి బొట్లు పెట్టడానికి వంగినప్పుడు తప్ప అది అక్కడుందన్న ఎరుకే మాకుండదు. పదమూడు నెలల మా పాపకి మాత్రం అది మోకాలి పైదాకా వస్తుంది. దాని ఒడ్డూపొడుగుల లెక్కన చూస్తే, మనం వీధిలోకి వెళ్లాలన్నప్పుడల్లా మూరెడు ఎత్తు పిట్టగోడ ఎక్కి దిగినట్టన్నమాట.

మొన్న మాఘంలో ఒక పొద్దున్న ఆ గడప దగ్గర ఇరవై నిమిషాల పాటు జరిగిన వ్యవహారం చూశాను. పాప చేతిలో ఎండిన అరటి డొప్ప ముక్క ఉంది. మా అమ్మ నూలు వడికేటప్పుడు ఏకు నలగకుండా, చేతి చెమట అంటకుండా అందులో పెట్టి పట్టుకుంటుంది. పాప దాన్ని ఎలాగో సంపాదించింది. ఇక దాన్ని వీధిలోకి తీసుకుపోవాలి. ఎందుకన్నది దానికే తెలియాలి. మొదటిసారి నేలంతా ఒకటే అన్నట్టు నేరుగా నడిచింది. కాలివేళ్లు చెక్కకి తగిలాయి, రెండు చేతులూ గడప అవతల పడ్డాయి. లేచింది. రెండోసారి డొప్ప ఉన్న చేత్తోనే ద్వారబంధం పట్టుకోబోయింది. డొప్ప జారింది. కూర్చుని, ఏరుకుని, మళ్లీ లేచింది. నాలుగోసారి మంచం దిగేటప్పటిలా వెనక్కి తిరిగి ముందు కాళ్లు పంపబోయింది. ఏడోసారో ఎనిమిదోసారో గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి గడప మీదే కూలబడి, కాసేపు డొప్ప నమిలింది. ఎత్తి అవతల దించేద్దామని నేను రెండుసార్లు లేచాను. రెండోసారి అమ్మ రాట్నం మీంచి తల ఎత్తకుండానే అంది: "కూకో నాయినా. దాని పని దాన్ని సేసుకోనీ."

కూర్చున్నాను. పన్నెండోసారో పదమూడోసారో పాప ముందు డొప్పని వీధిలోకి విసిరేసింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుని ఒక కాలు, కాసేపు ఊగిసలాట, ఆ తర్వాత రెండో కాలు. దాటేసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల గడప దాటితే తండ్రికి ఇంత సంతోషమా అంటే, అవును, ఇంతే. ఆ ఇరవై నిమిషాల్లో దాని ఒంట్లో, బుర్రలో, దాని చుట్టూ ఉన్న మాలో ఏం జరిగిందో తెలుసుకోవాలన్న కోరికతో చదివిందీ, చూసిందీ ఈ అధ్యాయంలో చెబుతాను.

ముందు మాటల సంగతి. పదో తరగతి పిల్లవాడు లెక్క తేలేదాకా కదలకుండా కూర్చుంటే పట్టుదల అంటాం. ఏడాది పిల్ల అదే పని చేస్తే మొండి అంటాం, మంకు అంటాం, పంతం అంటాం. ఇద్దరూ చేస్తున్నది ఒకే పని. రెండో దాని వల్ల మన వంటకో ప్రయాణానికో ఆలస్యమవుతుంది గనక పేరు మారుతుంది. అయితే మరోచోట మన భాష పసివాళ్లకి గొప్ప న్యాయం చేసింది. తొలి నడకని తెలుగులో తప్పటడుగులు అంటాం. తప్పడం ఆ నడక పేరులోనే ఉంది, ఎవరికీ అందులో అవమానం లేదు. ఆ తప్పటడుగులకే అరిసెలు వండి పంచుతాం. బోర్లా పడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, మాటలొస్తే పంచదార చిలకలు. పిల్ల నేర్చుకునే ఒక్కో మెట్టుకీ ఒక పిండివంట కేటాయించిన వాళ్లు పిల్లల్ని దగ్గరగా, ఓపిగ్గా చూసినవాళ్లే అయి ఉండాలి.

మనస్తత్వ శాస్త్రం ఈ పంతాన్ని గౌరవంగా చూడ్డానికి కొంత కాలం పట్టింది. ఆకలి, నొప్పి, భయం లాంటి అవసరాలే జీవుల్ని కదిలిస్తాయని ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో చాలామంది నమ్మారు. 1959లో హార్వర్డ్ మనస్తత్వవేత్త రాబర్ట్ వైట్ దీన్ని ప్రశ్నించాడు. కడుపు నిండి, నిద్ర తీరి, ఏ భయమూ లేని పసిపిల్ల ఏం చేస్తుంది? ఊరికే పడుకోదు. సరిగ్గా అప్పుడే పెట్టె మూత తీస్తుంది, వేస్తుంది, మళ్లీ తీస్తుంది. తన చేత్తో లోకంలో ఏదో ఒకటి జరిపించగలగడమే దానికి సుఖం అన్నాడు వైట్. మా పాప గడప జోలికి వెళ్లింది కూడా పాలు తాగి, కడుపు నిండిన వేళే.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్ దశాబ్దాలుగా పసిపిల్లల కదలికల్నే పరిశీలిస్తోంది. ఆమె బృందం 2012లో ప్రచురించిన లెక్క ఇది: 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకుంటున్నప్పుడు గంటకి సగటున 2,368 అడుగులు వేశారు, 701 మీటర్లు నడిచారు, 17 సార్లు పడ్డారు. రోజులో ఆరు గంటలు అలా తిరుగుతారనుకున్నా 14,000 అడుగులు దాటుతాయి, వంద సార్లు పడతారు. ఆరోగ్యం కోసం రోజుకి పదివేల అడుగులు వెయ్యాలని చేతి గడియారంలో చూసుకునే పెద్దవాళ్లు ఈ అంకె దగ్గర ఒకసారి ఆగాలి.

నేనూ ఒక సాయంత్రం గోడ మీది క్యాలెండరు వెనక పెన్సిలుతో గీతలు పెట్టాను. గంటలో 23 సార్లు పడింది. రెండుసార్లే ఏడ్చింది. ఆ రెండూ దెబ్బ తగిలినందుకు కాదు, దాని చేతిలో ఉన్న వస్తువు మేం లాక్కున్నందుకు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని తర్వాత చదివాను. అడాల్ఫ్, డేనియెల్ హాన్ కలిసి 138 మంది పిల్లలు పడిన 563 సందర్భాల్ని వీడియోల్లో పరిశీలించారు. వాటిలో ఏడుపు దాకా వెళ్లినవి చాలా అరుదు. చాలాసార్లు రెండు మూడు క్షణాల్లో లేచి ఆట కొనసాగించారు. పడటం వల్ల నడక మీదా ఆట మీదా వాళ్లకి మనసు విరగలేదు. పడిన చోటే మళ్లీ ఆడారు, అదే వస్తువు మళ్లీ పట్టుకున్నారు.

ఇంత తేలిగ్గా ఎలా తీసుకోగలుగుతారు? గుండె ధైర్యం ఒక్కటే కాదు, భౌతిక శాస్త్రం కూడా వాళ్ల పక్షానే ఉంది. తొమ్మిదిన్నర కిలోల పిల్ల, పిరుదులు నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండగా చతికిలబడిందనుకుందాం. బరువుని గురుత్వంతో, ఎత్తుతో గుణిస్తే నేలని తాకేటప్పటి శక్తి సుమారు 28 జౌళ్లు. 65 కిలోల నేను 90 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అలాగే కూలబడితే 570 జౌళ్ల పైచిలుకు. ఇరవై రెట్లు. పైగా పిల్ల ఎముకలు మెత్తన, ఒంటినిండా కొవ్వు, కింద మందంగా లంగోటా. ప్రకృతి నడక పాఠాన్ని దెబ్బ తక్కువ తగిలే వయసులోనే పెట్టింది. ఇదే పాఠం మనకి నలభయ్యో ఏట మొదలైతే మనలో ఎందరం రెండో రోజు కూడా లేచి నిలబడతామో చెప్పలేను.

అయినా ఒక చిక్కు ప్రశ్న మిగులుతుంది. పాకడంలో ఆరితేరిన పిల్ల దాన్ని వదులుకుని తూలిపడే నడకకి ఎందుకు దిగుతుంది? పది నెలలకే మా పాప పెరట్లోంచి వీధి గుమ్మం దాకా ఎలుకపిల్లలా దూసుకొచ్చేది. నిలబడ్డాక అదే దూరానికి నాలుగుసార్లు పడేది. ఇది నష్టం బేరంలా కనిపిస్తుంది. అడాల్ఫ్ బృందం పాకే పిల్లల్నీ కొత్తగా నడిచే పిల్లల్నీ పోల్చి చూసి, నష్టమేమీ లేదని తేల్చింది. కొత్తగా నడిచేవాళ్లు గంటలో ఎక్కువసార్లు పడే మాట నిజమే. కానీ వాళ్లు ఎక్కువ కదులుతారు, ఎక్కువ దూరం పోతారు. ఆ కదలికతో భాగించి చూస్తే పాకేవాళ్లకంటే ఎక్కువ పడటం లేదు.

చూపు సంగతి మరీ ముఖ్యం. పిల్లల తలకి చిన్న కెమెరా కట్టి 2014లో వెలువరించిన పరిశోధనలో, పాకే పిల్ల కంటికి ఎక్కువగా నేలే కనిపిస్తుందనీ, నిలబడి నడిచే పిల్లకి గది మొత్తం కనిపిస్తుందనీ తేలింది. ఇది చదివాక నేనోసారి మోకాళ్ల మీద వంగి మా ఇల్లు చూశాను. గచ్చు, చీమలు, రాట్నం కింది పీట, అమ్మ పాదాలు. అంతే. లేచి నిలబడితే తిరుగుతున్న చక్రం, కదురు మీంచి సాగుతున్న దారం, దాని వెనక అమ్మ మొహం. ఈ దృశ్యానికి నాలుగుసార్లు పడటం తగిన వెలే అనిపించింది.

అన్నట్టు, పిల్లకి ప్రతిసారీ ఏదో ఒక గమ్యం ఉంటుందనుకోవడం కూడా మన పొరపాటే. బొమ్మలున్న గదిలో ఎంత తిరుగుతారో, ఏమీ లేని ఖాళీ గదిలోనూ పిల్లలు దాదాపు అంతే తిరుగుతారని అడాల్ఫ్ శిష్యురాలు జస్టిన్ హాక్ చూపించింది. నడవడమే వాళ్ల పని. "ఎక్కడికే బొట్టీ, అంత తొందర?" అని మా వీధి అరుగు మీది పెద్దమ్మలు అడుగుతుంటారు. దానికి జవాబు ఉండాల్సిన పని లేదు.

ఈ పని రాత్రిళ్లు కూడా ఆగదు. పదకొండో నెలలో, పట్టుకుని లేవడం వచ్చిన కొత్తలో, మా పాప నడిరాత్రి నిద్రలోంచి లేచి మంచం పట్టె పట్టుకుని నిలబడేది. నిలబడ్డాక మళ్లీ కూర్చోవడం ఇంకా సరిగ్గా రాదు గనక అలాగే నిలబడి ఏడ్చేది. జ్వరమేమో, దిష్టేమో అని మేం కంగారుపడ్డాం. కొత్త కదలిక నేర్చుకునే రోజుల్లో పిల్లలు రాత్రి ఎక్కువగా మేలుకోవడం ఇజ్రాయెల్‌లో అనాట్ షేర్ వంటి పరిశోధకులు చక్కగా నమోదు చేశారు. ఈ సంగతి ముందే తెలిసుంటే, ఆ వారం మా ఇంట్లో ఎండుమిరపకాయలు కాస్త మిగిలేవి.

నేర్చుకున్నది ఒకచోట నుంచి మరోచోటికి దానంతటదే రాదన్నది అడాల్ఫ్ కనుగొన్న వాటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచిన సంగతి. 1997లో ఆమె వాలుబల్లల మీద చేసిన సుదీర్ఘ పరిశోధన ప్రచురించింది. పాకడం వచ్చిన కొత్తలో పిల్లలు ఎంత నిటారు వాలైనా చూడకుండా దూకేశారు, పక్కనే ఉన్న పరిశోధకురాలు పట్టుకుంది. వారాలు గడిచేకొద్దీ ఏ వాలు తమ వల్ల అవుతుందో, ఏది కాదో పసిగట్టారు. తర్వాత నడక మొదలైంది. అవే వాలుబల్లలు, అదే పిల్ల. నిటారు అంచుకి నడిచొచ్చి మళ్లీ చూడకుండా దూకేసింది! పాకే ఒళ్లు నేర్చుకున్నది నడిచే ఒంటికి అందలేదు. మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మొదలుపెట్టింది కూడా. "నిన్ననే వచ్చింది కదా, ఇవాళ రాదేం?" అని మనం అడిగే ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. నిన్నటి ఒళ్లు వేరు, ఇవాళ్టి ఒళ్లు వేరు.

బరువు మోస్తే ఒళ్లు మరోసారి మారుతుంది. పద్నాలుగు నెలల పిల్లల ఒంటికి వాళ్ల బరువులో 15 శాతం బరువు కట్టి నడిపించిన పరిశోధన ఒకటుంది. నీళ్ల బిందె చంకనెత్తుకున్న ఆడమనిషి రెండో వైపుకి ఒరుగుతుంది, బరువుకి బరువు సరిపోవాలని. పిల్లలకి ఆ నేర్పు ఇంకా లేదు, బరువు ఎటు లాగితే అటే ఒరిగారు. అయినా నిండు చెంబు చూస్తే ఎత్తకుండా వదలరు. మాకు పక్కనే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. ఆ పోటీలో ఒక్కో పద్ధతికి మూడే ప్రయత్నాలు ఉంటాయి. మా పాప చెంబు విషయంలో ఇప్పటికి ఎన్నోదో నేను లెక్క మానేశాను.

పడటం, లేవడం మాత్రమే చూస్తే పంతంలోని తెలివి కనబడదు. గడప దగ్గర మా పాప చేసిన ప్రయత్నాలన్నీ ఒకేలా లేవు. నేరుగా ఒకసారి, పట్టుకుని ఒకసారి, వెనక్కి తిరిగి ఒకసారి. పాత పద్ధతిని మార్చి మార్చి చూడటమే ఈ వయసు ప్రత్యేకత అని స్విస్ శాస్త్రవేత్త జా పియాజె చెప్పాడు. అతను తన ముగ్గురు పిల్లల్నీ ఏళ్ల తరబడి గమనిస్తూ రాసుకున్న పుస్తకం 1936లో అచ్చయింది. అందులో అతని పెద్ద కూతురు జాక్లీన్ ఏడాదీ మూడు నెలల వయసులో, ఆటల కటకటాల లోపల కూర్చుని, బయటున్న పొడుగాటి కర్రని లోపలికి లాగబోతుంది. కర్ర అడ్డంగా ఉంది, కమ్మీలు అడ్డుకుంటాయి. లాగుతుంది, వంచుతుంది, తిప్పుతుంది, వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. నిలువుగా తిప్పితే వస్తుందన్న సంగతి ఒక్కసారిగా వెలగలేదు, వేళ్లకి కొంచెం కొంచెంగా తెలిసింది. ఒకసారి పొరపాటున వచ్చిన కర్ర రెండోసారి రాలేదు కూడా. ఈ వివరాలన్నీ ఆ తండ్రి ఓపిగ్గా రాసుకున్నాడు. చేయి సాయం చేయకుండా పక్కన కూర్చుని రాసుకోవడానికి ఎంత నిగ్రహం కావాలో గడప దగ్గర రెండుసార్లు లేచిన నాకు తెలుసు.

ఇక మా అమ్మ రాట్నం దగ్గరికి వస్తాను. ఈ అధ్యాయం రాయాలనిపించిందే దాని వల్ల.

పొందూరు సన్న ఖద్దరు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. గాంధీజీ దీని నాణ్యతకి ముగ్ధుడై 'యంగ్ ఇండియా' పత్రికలో రాశారు. 1949 నుంచీ ఇక్కడి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వడికేవాళ్లకి పత్తి ఇచ్చి నూలు తీసుకుంటోంది. బట్ట అందం అందరికీ తెలుసు. దాని వెనక ఎంత విసుగు పుట్టించే పని ఉందో చూసినవాళ్లకే తెలుస్తుంది. కొండపత్తిని గింజతో సహా తీసుకుని, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సూది మొనల్లాంటి ఆ సన్నని పళ్లు చేసే పని ఏ ఇనప దువ్వెనా చెయ్యలేదు. నలకలు పోయి పీచు ఒక వరసకి వస్తుంది. తర్వాత చెక్క పలక మీద పెట్టి ఇనప కడ్డీ దొర్లించి గింజ వేరుచేస్తారు. చిన్న వింటితో ఏకి, మబ్బు తునకలా పొంగిన దూదిని ఏకులుగా చుట్టి, అప్పుడు వడుకుతారు. నూరో నంబరు నూలంటే ఒక్క గ్రాము దూదిని సుమారు 169 మీటర్ల దారంగా సాగదీయడం. అంత సన్నని దారం తెగకుండా ఎలా ఉంటుంది? తెగుతుంది. గాలి వీస్తే తెగుతుంది, ఏకులో చిన్న ముడుంటే తెగుతుంది, చెయ్యి ఒక్క పిసరు ఎక్కువ లాగితే తెగుతుంది. అమ్మ చక్రం ఆపుతుంది, కొస వెతుక్కుంటుంది, ఏకుని దానికి ఆనించి మెల్లగా తిప్పి అతుకుతుంది, మళ్లీ సాగిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆ పక్కనే చాప మీద పాప.

2017లో అమెరికాలోని ఎంఐటీ నుంచి జూలియా లెనార్డ్, యూనా లీ, లారా షుల్జ్ ముగ్గురూ కలిసి 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పదిహేను నెలల పిల్లల ముందు ఒక పెద్దమనిషి డబ్బాలోంచి రబ్బరు కప్పని తియ్యాలి, కొక్కెం నుంచి తాళపు చెవుల బొమ్మని విడదియ్యాలి. కొందరు పిల్లల ముందు అరనిమిషం పాటు తంటాలు పడి, ఇలా కాదు, ఇలా చూద్దాం అనుకుంటూ చివరికి సాధించారు. మరికొందరి ముందు అదే పని చిటికెలో చేసేశారు. తర్వాత పిల్లల చేతికి కొత్త బొమ్మ ఇచ్చారు. దాని మీద పెద్ద మీట ఉంది. నొక్కితే పాట వస్తుందనిపిస్తుంది గానీ రాదు. పెద్దవాళ్ల తంటాలు చూసిన పిల్లలు ఆ మీటని దాదాపు రెట్టింపు సార్లు నొక్కారు. కళ్లలోకి చూస్తూ, పేరు పెట్టి పిలుస్తూ చేసి చూపించినప్పుడు ఈ తేడా ఇంకా బలపడింది. అంటే ఏడాది దాటిన పిల్ల కప్పని ఎలా తియ్యాలో నేర్చుకుని ఊరుకోలేదు. శ్రమ పడితే పని అవుతుందన్న సంగతిని ఒక పని నుంచి మరో పనికి మోసుకుపోయింది. వాలుబల్లల దగ్గర అంత కష్టంగా కదిలిన జ్ఞానం ఇక్కడ ఇంత తేలిగ్గా ఎలా కదిలిందన్నది నాకు ఇప్పటికీ అద్భుతమే.

దీన్నిబట్టి రాట్నం ఉన్న ఇంటి పిల్లలకి పంతం ఎక్కువని తేల్చేయకూడదు. ఆ ప్రయోగం కొద్ది నిమిషాల ముచ్చట, ఒక జీవితకాలపు కథ కాదు. కానీ అది చదివినప్పటి నుంచి నేను నా చేతుల వైపు పాప కళ్లతో చూసుకుంటున్నాను. నా పని అంతా ఫోన్‌లో, కంప్యూటర్‌లో. నేను ఒక వాక్యాన్ని పదిసార్లు కొట్టేసి రాసినా దానికి కనిపించేది వెలుగుతున్న అద్దం ముందు కదలని ఒక మొహం. అమ్మ శ్రమ అలా కాదు. తెగడం కనిపిస్తుంది, వెతకడం కనిపిస్తుంది, అతుకు కనిపిస్తుంది. ఇంట్లో పిల్ల కంటికి కనిపించేలా ఓడిపోయి మళ్లీ మొదలుపెట్టే పని ఒకటి ఉండటం ఎంత భాగ్యమో! ఇప్పుడు పొందూరులో వడికే చేతులు ఎక్కువగా ముసలి చేతులే. కూలి గిట్టక చిన్నవాళ్లు ఈ పనికి రావడం లేదు. ఖద్దరు పోతుందేమోనన్న దిగులుతో పాటు ఈ దిగులు కూడా నాకుంది.

పక్కన కూర్చున్న మా మొహాల పాత్ర ఒకటి చెప్పాలి. 1985లో జేమ్స్ సోర్స్, జోసెఫ్ కాంపోస్ తదితరులు ఏడాది పిల్లల్ని గాజు పరిచిన బల్ల మీదికి వదిలారు. మధ్యలో గాజు కింద 30 సెంటీమీటర్ల పల్లం కనిపిస్తుంది, మా గడప కంటే కాస్త ఎక్కువ. అవతల తల్లి నిలబడి ఉంటుంది. తల్లి సంతోషంగా మొహం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది దాటొచ్చారు. భయపడినట్టు మొహం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మనం పిల్లల పంతం చూసి మురిసిపోవడం కేవలం మన సుఖం కాదన్నమాట. దాటవచ్చో లేదో తేలని చోట ఆ మురిపెం పిల్లకి అందే సమాచారం.

తేలని చోట మాత్రమే సుమా. పద్దెనిమిది నెలల పిల్లల్ని వాలుబల్లల మీద నిలబెట్టి, తల్లుల చేత కొన్నిసార్లు రమ్మనీ కొన్నిసార్లు వద్దనీ చెప్పించి చూశారు. సులువైన వాలు మీద తల్లి వద్దన్నా దిగేశారు. మరీ నిటారు వాలు దగ్గర తల్లి ఎంత పిలిచినా రాలేదు. అటో ఇటో అన్నట్టున్న వాలు దగ్గరే తల్లి మాటని లెక్కలోకి తీసుకున్నారు. మొండితనం అని మనం అనుకునే దానిలో ఇంత తూకం ఉంది.

ఎత్తి అవతల దించేసి ఉంటే ఏమయ్యేది? ఆ ఒక్క రోజుకి ఏమీ కాదు. కానీ నాలుగైదేళ్ల పిల్లల మీద లెనార్డ్ బృందమే 2021లో చూపించిన దాని ప్రకారం, కష్టమైన పజిల్ మధ్యలో పెద్దవాళ్లు చేతిలోంచి తీసుకుని తామే చేసేస్తే, ఆ తర్వాతి పని మీద పిల్లలు త్వరగా చేతులెత్తేశారు. అమ్మ ఏ పత్రికా చదవలేదు. తెగిన దారం దగ్గర పక్కవాళ్లు చెయ్యి పెడితే అతుకు చెడుతుందని ఆమెకి యాభై ఏళ్లుగా తెలుసు.

పంతం మనసులోనే పుడుతుందనుకుంటే ఒక పెద్ద సంగతి మరిచినట్టే. దానికి రక్తం కావాలి, రక్తంలో ఇనుము కావాలి. బెట్సీ లోజాఫ్ కోస్టారికాలో చేసిన పరిశోధనల్లో, ఇనుము లోపించిన పసిపిల్లలు తల్లిని వదలకుండా దగ్గరగా ఉండిపోయారు, కొత్త వస్తువుల జోలికి తక్కువగా వెళ్లారు, త్వరగా అలిసిపోయారు. "మా గుంట చాలా నెమ్మది, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటది" అని మా వైపు మెచ్చుకోలుగా అనే మాటలో కొన్నిసార్లు జబ్బు దాక్కుని ఉండొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. మూడింట రెండు వంతులు! ఆ వయసు పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ పట్టించాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. ఆశా కార్యకర్త తెచ్చిన సీసా అటక మీద పెట్టి మరిచిపోకండి. గడప దాటే పంతానికి అది కూడా ఇంధనం.

నడక ఆలస్యమైతే బెంగపడాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల్లో ఆరోగ్యవంతమైన పిల్లల్ని పరిశీలించి 2006లో చెప్పిన హద్దులివి: పట్టుకోకుండా నడవడం 8.2 నెలలకీ రావచ్చు, 17.6 నెలలకీ రావచ్చు. అది దాటితే డాక్టరుకి చూపించాలి. తొందర కొద్దీ చక్రాల వాకర్‌లో కూర్చోబెట్టవద్దు. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీంచి పడే ప్రమాదం ఉందని కెనడా 2004లో వాటిని నిషేధించింది. మన పాత మూడు చక్రాల చెక్క బండి వేరు. అందులో పిల్ల కూర్చోదు, తన కాళ్ల మీద నిలబడి తోస్తుంది.

మళ్లీ గడప దగ్గరికి. పాప దాటాక మేం చప్పట్లు కొట్టాం. మా ఆవిడ వంటింట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. పాప మా వైపు చూడలేదు. వీధిలో పడి ఉన్న డొప్ప ఏరుకుంది, మట్టి దులపకుండానే నోట్లో పెట్టుకుని చూసింది, తర్వాత లోపలికి తిరిగింది. మా వీధి ఇంటి నేల కంటే పల్లం. అందుకని అటు నుంచి గడప ఇంకో నాలుగు వేళ్లు ఎత్తు. ఇంతసేపూ నేర్చుకున్నది ఇటు నుంచి. అటు నుంచి అది కొత్త గడప.

లోపల దారం తెగింది. అమ్మ చక్రం ఆపి కొస వెతుక్కుంటోంది. పాప డొప్ప చేత పట్టుకుని, నేలంతా ఒకటే అన్నట్టు, నేరుగా నడిచింది. కాలివేళ్లు చెక్కకి తగిలాయి.